బైపాస్ అయ్యాక ఇంటికొచ్చిన మనిషిని ఎలా చూసుకోవాలి: మొదటి మూడు నెలలు, ఆ తర్వాత

బైపాస్ ఆపరేషన్ అయిన మనిషి ఇంటికి రాగానే మన ఇళ్లల్లో జరిగేది దాదాపు ఒకటే. మంచం హాల్లోకి వస్తుంది, ఆయన్ని దాని మీద పడుకోబెడతారు, మంచినీళ్లు కూడా చేతికే అందిస్తారు, లేచి నాలుగడుగులు వేస్తే చాలు "ఎందుకండీ లేచారు, ఏం కావాలో అడగొచ్చుగా" అని నలుగురూ ఒకేసారి మీద పడతారు. మూడు నెలలు గడిచి ఒంట్లోకి రంగొచ్చి మనిషి తేరుకున్నాడంటే మాత్రం కథ తిరగబడుతుంది. మాత్ర ఒక పూట మర్చిపోయినా అడిగే దిక్కుండదు, ఆవకాయ మళ్లీ కంచంలోకి వస్తుంది, చెకప్ "పండగయ్యాక చూద్దాంలే" అవుతుంది. జరగాల్సింది సరిగ్గా దీనికి తలకిందులుగా. మొదట్లో ఆయన్ని లేపి నడిపించాలి, తర్వాత వదలకుండా వెంటపడాలి.

నేను డాక్టర్ని కాదు. మా నాన్నకి బైపాస్ అయినప్పుడు పక్కనే ఉన్నాను, ఆ తర్వాత చుట్టాల్లో ఎవరికి అయినా ఫోన్ నాకే వచ్చేది, అడిగేవి కూడా అవే ప్రశ్నలు: తలస్నానం చేయించొచ్చా, పప్పు పెట్టొచ్చా, బండి ఎప్పుడు నడపొచ్చు. అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇదంతా ఛాతీ మధ్యలో కోసి చేసే మామూలు బైపాస్ గురించి. పక్కటెముకల సందులోంచి చిన్న కోతతో చేయించుకున్నవాళ్లు సాధారణంగా ఇంకా తొందరగా తేరుకుంటారు. మీ డిశ్చార్జి సమ్మరీలో దీనికి భిన్నంగా ఏదైనా రాసి ఉంటే ఆ కాగితం మాటే వినండి.

లోపల ఏం చేశారో తెలిస్తే సగం జాగ్రత్తలు ఒకరు చెప్పక్కర్లేదు. గుండె దగ్గరికి వెళ్లడానికి రొమ్ము ఎముకని నిలువునా రంపంతో కోస్తారు, పని అయ్యాక రెండు ముక్కల్నీ దగ్గరికి లాగి స్టీలు తీగలతో కట్టేస్తారు. ఆ తీగలు జీవితాంతం అక్కడే ఉంటాయి. ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తిగా గట్టిపడడానికి సుమారు మూడు నెలలు పడుతుంది, షుగర్ ఉన్నవాళ్లకీ పొగతాగేవాళ్లకీ ఇంకాస్త ఆలస్యం. కాలు విరిగితే పిండికట్టు వేసి కదలకుండా ఉంచుతారు కదా, ఇక్కడ ఊపిరి తీసిన ప్రతిసారీ ఎముక కదులుతూనే ఉంటుంది, దగ్గితే మరీను. కట్టు వేయడం కుదరదు కాబట్టి ఆ పని మన జాగ్రత్తే చేయాలి.

లేవడం, కూర్చోవడం, దగ్గడం

పడుకున్నవాడు నేరుగా లేవకూడదు. ముందు మోకాళ్లు మడిచి, ఒళ్లంతా దుంగలా ఒకేసారి పక్కకి తిప్పి, కాళ్లు మంచం కిందికి వదులుతూ లేవాలి. చేతుల మీద బరువు ఆన్చి పైకి నెట్టుకోవద్దు. కుర్చీలోంచి లేచేటప్పుడూ అంతే, ముందు అంచుకి జరిగి, కాళ్ల బలంతో లేవాలి. ఇక్కడ ఇంట్లోవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. సాయం చేద్దామని చంకల కింద చేతులు పెట్టి పైకి ఎత్తుతారు, లేదా రెండు చేతులూ పట్టుకుని లాగుతారు. ఆ లాగుడంతా పోయి ఎముక అతుకు మీదే పడుతుంది. వీపు వెనక అరచెయ్యి పెట్టి ఆసరా ఇవ్వండి, చాలు.

మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు రెండు మూడు కిలోలకి మించి ఏదీ ఎత్తకూడదు. నిండు బకెట్టు, మంచినీళ్ల టిన్ను, గ్యాస్ సిలిండర్, సూట్‌కేసు, షాపు షట్టర్, బోరింగు కొట్టడం, బిగుసుకుపోయిన సీసా మూత తిప్పడం, ఇవన్నీ వద్దు. మనవడు పరిగెత్తుకొచ్చి "తాతయ్యా ఎత్తుకో" అంటాడు, అదే అన్నిటికంటే కష్టం. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పిల్లాణ్ణి ఇంకొకరు ఒళ్లో పెట్టండి, గుండె మీద ఎగిరి తన్నకుండా చూసుకుంటే సరిపోతుంది.

అలాగని చేతులు ఒంటికి అంటించుకుని కూర్చున్నా ప్రమాదమే, భుజాలు బిగుసుకుపోతాయి. తల దువ్వుకోవడం, చొక్కా వేసుకోవడం, రెండు చేతులూ కలిపి నెమ్మదిగా పైకెత్తి దించడం రోజూ చేయాలి. ఒక్క చెయ్యి వెనక్కి మెలితిప్పి లాగే పనులు మాత్రం మానాలి.

దగ్గు వస్తే ఆపుకోకూడదు, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటే న్యుమోనియా వస్తుంది. చిన్న దిండు ఒకటి ఎప్పుడూ పక్కనే ఉంచండి, దగ్గినా తుమ్మినా దాన్ని రెండు చేతులతో ఛాతీకి గట్టిగా హత్తుకోవాలి. ఆస్పత్రిలో ఇచ్చిన మూడు బంతుల పరికరం ఉంటుంది కదా, స్పైరోమీటర్, దాన్ని చాలామంది బుడగ ఊదినట్టు ఊదుతారు. ఊదడం కాదు, లోపలికి పీల్చాలి. నెమ్మదిగా పీల్చి బంతుల్ని రెండు మూడు సెకన్లు పైన నిలపాలి, మెలకువగా ఉన్నప్పుడు గంటకి పదిసార్లు. టీవీలో ప్రకటన వచ్చిన ప్రతిసారీ చేయమని చెప్పండి, మన సీరియల్స్ పుణ్యమా అని లెక్క దానంతటదే సరిపోతుంది.

వెల్లకిలా తల కింద రెండు మూడు దిండ్లు పెట్టుకుని పడుకోవడం మొదట్లో తేలిక. నొప్పి లేకపోతే పక్కకి తిరిగి పడుకోవచ్చు, బోర్లా మాత్రం వద్దు. నేల మీద పడక, కింద కూర్చుని భోజనం రెండు నెలలు పక్కనపెట్టాలి, కూర్చున్నాక లేవడానికి చేతులు ఆన్చక తప్పదు మరి. పల్లెల్లో ఇంకా కింద కూర్చునే మరుగుదొడ్లే ఉన్న ఇళ్లుంటే డిశ్చార్జికి ముందే ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ కొనిపెట్టండి, సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, నొప్పి మాత్రల వల్ల, ఐరన్ మాత్రల వల్ల, తిండి తగ్గడం వల్ల. ముక్కకూడదు. ఆకుకూరలు, జామ, బొప్పాయి పెట్టండి, అయినా కాకపోతే సిగ్గుపడకుండా డాక్టర్ని సిరప్ అడగండి.

స్నానం, కుట్లు, కాలు

డ్రెస్సింగ్ తీసేసి డాక్టర్ సరేనన్నాక రోజూ గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయొచ్చు, చేయాలి కూడా. బాత్రూంలో ప్లాస్టిక్ స్టూలు వేసి కూర్చోబెట్టండి, నీళ్లు ఇంకొకరు పోయాలి, తలస్నానం కూడా అలాగే. మామూలు సబ్బు నురగ కుట్ల మీదుగా జారనిచ్చి, రుద్దకుండా మెత్తటి తువ్వాలుతో అద్దండి. మరీ వేడినీళ్లు పోస్తే బీపీ మాత్రలు వేసుకున్న మనిషికి కళ్లు తిరుగుతాయి. పసుపు, విభూతి, కొబ్బరినూనె, పౌడరు ఏదీ గాయం మీద వేయొద్దు. అమ్మమ్మలకి ఇది నచ్చదు, నచ్చకపోయినా సరే.

నిజం చెప్పాలంటే ఛాతీ కంటే కాలే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. గుండెకి కొత్త దారి వేయడానికి కాల్లోంచి సిర, అంటే ఒక రక్తనాళం, తీస్తారు, ఆ కాలు సాయంత్రానికి వాస్తుంది, చీలమండ దగ్గర మొద్దుబారినట్టు, మంటగా ఉంటుంది. కూర్చున్నప్పుడు కాలు స్టూలు మీద ఎత్తి పెట్టాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు, బిగుతు మేజోళ్లు ఇచ్చి ఉంటే పగలు వేసుకోవాలి. ఛాతీ ఎడమవైపు కూడా కొన్ని నెలలు మొద్దుగా ఉంటుంది, అక్కడి లోపలి నాళాన్ని గుండెకి వాడతారు కాబట్టి. భుజాలు, మెడ, వీపు నొప్పులు కూడా మామూలే. వీటికి కంగారు పడక్కర్లేదు.

కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి. కుట్ల దగ్గర ఎర్రబడి చీము లేదా నీరు కారడం, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, కదిలినప్పుడు ఛాతీ ఎముక టక్‌మని చప్పుడు చేయడం లేదా రెండు ముక్కలు విడివిడిగా కదులుతున్నట్టు అనిపించడం, ఒకే పిక్క నొప్పితో గట్టిగా వాయడం, మలం నల్లగా తారులా రావడం, వీటిలో ఏది కనిపించినా ఆపరేషన్ చేసిన చోటికి అదే రోజు ఫోన్ చేయండి. ఉదయం కాలకృత్యాలయ్యాక, టిఫినుకి ముందు బరువు చూసి గోడ మీద కేలండర్‌లో రాయండి. ఒక్కరోజులో కిలోకి మించి, వారంలో రెండు కిలోలకి మించి పెరిగితే అది కండ కాదు, ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. గుండె ఉన్నట్టుండి దడదడా కొట్టుకుంటూ లయ తప్పినట్టు ఉండడం బైపాస్ తర్వాత చాలామందిలో కనిపిస్తుంది, దాదాపు ముగ్గురు నలుగురిలో ఒకరికి. ఎక్కువగా ఆస్పత్రిలో ఉండగానే వస్తుంది, ఇంటికొచ్చాక వచ్చినా మందుతో అదుపులోకి వస్తుంది, కానీ చెప్పాలి. ఇక పాత గుండెనొప్పి లాంటి నొప్పి చెమటలతో రావడం, పడుకోలేనంత ఆయాసం, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒకవైపు చెయ్యి పడిపోవడం అయితే ఫోన్లలో సలహాలు అడుగుతూ కూర్చోవద్దు, వెంటనే 108.

నడకే అసలు మందు

ఇంటికొచ్చిన మర్నాటి నుంచే నడిపించాలి. మొదటి వారం ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు, ఇంట్లోనే వసారా నుంచి పెరటి దాకా. తర్వాత రోజుకి ఒకటి రెండు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే నాలుగు నుంచి ఆరు వారాలకల్లా ఒక్క విడతలో అరగంట నడుస్తారు. వేగం ఎంత అంటే, పక్కనున్న మనిషితో మాట్లాడుతూ నడవగలగాలి. మాటకి ఊపిరి అందకపోతే ఎక్కువైనట్టు. పక్కన ఎవరో ఒకరు ఉండండి, జేబులో ఫోను, పేరు, మందుల చీటీ ఉండనివ్వండి.

భోజనం అయ్యాక కనీసం గంట ఆగాలి. మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు, ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడులోపే ముగించాలి, లేదా ఫ్యాను కింద హాల్లోనే అటూ ఇటూ తిరగాలి. మెట్లు ఎక్కొచ్చు, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, మధ్యలో ఆగుతూ, రెయిలింగ్ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోకుండా. ఒకరోజు బాగా నడిచి మర్నాడు మంచం దిగలేనంత నీరసం వస్తే అది గుండె పాడవడం కాదు, ఆ రోజు కాస్త తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి. పెద్ద ఆస్పత్రుల్లో కార్డియాక్ రిహాబ్ అని ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామం చేయిస్తారు, మీ ఊళ్లో ఉంటే వదులుకోవద్దు. ఆపరేషన్‌కి లక్షలు పెట్టడానికి వెనకాడని ఇళ్లు దీనికి మాత్రం "నడకే కదా, మేం చేయించుకోలేమా" అంటాయి. ఆ నడకే సరిగ్గా చేయించరు.

పథ్యం పేరుతో పస్తు పెట్టొద్దు

ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెడితే చీము పడుతుంది, వంకాయ దురద, పెరుగు వాతం, గుడ్డు వేడి. ఈ జాబితా ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. చివరికి మిగిలేది చారన్నం, బ్రెడ్డు, పాలు. కానీ కోసిన ఎముక, కండ అతుక్కోవాలంటే మాంసకృత్తులే కావాలి. పప్పు, పెసలు, పెరుగు, గుడ్డు, చేప, చర్మం తీసిన చికెన్, ఇవన్నీ నూనె తక్కువగా వండి పెట్టొచ్చు. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. చీముకి కారణం సూక్ష్మక్రిములు, అదుపులో లేని షుగర్. షుగర్ ఉన్నవాళ్లు రోజూ చూసుకుని రాసిపెట్టాల్సింది అందుకే.

మొదటి రెండు మూడు వారాలు ఏది పెట్టినా "రుచి లేదు, చేదుగా ఉంది" అంటారు. వండినవాళ్ల మనసు కష్టపెట్టుకోవద్దు, మందుల వల్ల నాలుక అలా అయిపోతుంది, తర్వాత సర్దుకుంటుంది. మూడుపూటలా కంచం నింపే బదులు ఆరుసార్లు కొంచెం కొంచెం పెట్టండి.

అసలు శత్రువు ఉప్పు, మనకి తెలియకుండా వచ్చేది. రోజుకి మొత్తం ఐదు గ్రాములు, అంటే ఒక టీస్పూను, అంతే. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు, ఎండుచేపలు, బేకరీ సరుకు, మిక్చరు, ఇవి ఉన్న కంచంలో కూరలో ఉప్పు తగ్గించి లాభం లేదు. నిమ్మరసం, చింతపండు, మిరియాలు, జీలకర్ర, కొత్తిమీర గట్టిగా వేస్తే ఉప్పు తగ్గినట్టు నాలుకకి తెలియదు. బజార్లో దొరికే లో-సోడియం ఉప్పు మంచిదని ఎవరో చెబుతారు, దానిలో పొటాషియం ఉంటుంది. బీపీకి వాడే కొన్ని మాత్రలు ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి, కిడ్నీలు బలహీనంగా ఉంటే మరీ ప్రమాదం, కాబట్టి డాక్టర్ని అడక్కుండా మార్చొద్దు. కొబ్బరినీళ్లు రోజుకి రెండు మూడు తాగించేవాళ్లకీ ఇదే మాట. నూనె ఏ కంపెనీదన్న చర్చ కంటే ఎంత అన్నదే ముఖ్యం, మనిషికి నెలకి అర లీటరు దాటకుండా చూడండి. పూరీ వేయించిన నూనెలో మళ్లీ కూర వండడం మానాలి.

మాత్రలు

డిశ్చార్జి రోజు చీటీ చూస్తే కళ్లు తిరుగుతాయి, పదిదాకా ఉంటాయి. నర్సునో ఫార్మసిస్టునో కూర్చోబెట్టి ప్రతి మాత్రా ఎందుకో తెలుగులో రాయించుకోండి: ఇది రక్తం గడ్డకట్టకుండా, ఇది కొలెస్ట్రాల్‌కి, ఇది గుండె వేగానికి, ఇది ఒంట్లో నీటికి, ఇది కడుపు మంట రాకుండా. వీటిలో కొన్ని కొన్నాళ్లకే, కొన్ని జీవితాంతం. ఏవి ఏవో అడిగి గుర్తు పెట్టించుకోండి, ఎందుకంటే సాధారణంగా జరిగే ప్రమాదం ఇక్కడే ఉంది. నెలరోజుల మందులు అయిపోతాయి, "కోర్సు అయిపోయింది" అనుకుని ఆపేస్తారు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్ కోర్సు మందులు కావు. గుండె వేగం తగ్గించే మాత్ర ఒక్కసారిగా ఆపితే గుండె ఎదురు తిరుగుతుంది. పన్ను పీకించుకోవాలన్నా సరే, ఆస్పిరిన్ ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరే చెప్పాలి, పక్కింటాయన కాదు.

మెడికల్ షాపువాడు "ఆ కంపెనీ లేదు, ఇది కూడా అదే" అని వేరే పేరు ఇస్తాడు. చాలాసార్లు నిజంగా అదే మందు, కానీ లోపలి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో చీటీతో సరిచూసుకోండి, లేకపోతే పాతదీ కొత్తదీ రెండూ వేసుకునే ప్రమాదం ఉంది. ఖర్చు భారమైతే జన ఔషధి దుకాణాల్లో ఇవి చాలా తక్కువకే దొరుకుతాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ అయినవాళ్లు తర్వాతి చెకప్‌లకీ మందులకీ ఫాలో-అప్ ప్యాకేజీ ఉంటుందని మర్చిపోవద్దు, డిశ్చార్జి రోజే ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని కలిసి తేదీలు రాయించుకోండి.

నొప్పికి డాక్టర్ రాసినదే, సాధారణంగా పారాసిటమాల్. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు బైపాస్ తర్వాత ప్రమాదం, మోకాళ్ల నొప్పికి ఎప్పటినుంచో వాడుతున్నా సరే. ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి "సూది వేయండి" అనే అలవాటున్న పెద్దవాళ్లని ఈ విషయంలో కనిపెట్టుకుని ఉండాలి. బ్లాకులు కరిగిస్తామనే నాటుమందులు, కషాయాల సంగతి ఇక చెప్పేదేముంది.

ఏడుపు, నిద్ర, పరామర్శలు

గట్టి మనిషి అనుకున్నవాడు ఉన్నట్టుండి పాత ఫోటో చూసి ఏడుస్తాడు. చిన్న మాటకి విసుక్కుంటాడు, పేపరు చదివితే తలకెక్కదంటాడు, రాత్రి పీడకలలొచ్చి లేచి కూర్చుంటాడు. ఇది పిచ్చీ కాదు, పిరికితనమూ కాదు. మత్తుమందు, ఐసీయూ, రోజులతరబడి నిద్రలేమి, చావు దగ్గరికెళ్లొచ్చానన్న భయం, అన్నీ కలిసి చేసే పని. కొన్ని వారాల్లో చాలామందికి తగ్గుతుంది. రెండు వారాలు దాటినా ఏదీ వద్దంటూ గోడవైపు తిరిగి పడుకుంటుంటే, తిండి మానేస్తే, బతికి ఏం లాభం అంటుంటే చెకప్‌లో ఆ విషయమే ముందు చెప్పండి, దీనికి మందులున్నాయి. నిద్ర మాత్ర మాత్రం షాపులో అడిగి తెచ్చి వేయొద్దు. పగలు నిద్ర గంటకి తగ్గించి, పడుకునే ముందు నొప్పి మాత్ర వేస్తే రాత్రి నిద్ర చాలావరకు కుదురుతుంది.

పరామర్శకి వచ్చేవాళ్లని ఆపడం మన దగ్గర ఆపరేషన్ కంటే కష్టం. వచ్చి కూర్చుని "మా తోడల్లుడికీ ఇలాగే చేశారు, ఆర్నెల్లకే పోయాడు" అని చెప్పే మహానుభావులు ప్రతి బంధువర్గంలోనూ ఉంటారు. మొదటి మూడు వారాలు "డాక్టర్ గారు ఎవర్నీ రానివ్వద్దన్నారు" అని అందరికీ ఒకటే మాట చెప్పేయండి, నింద ఆయన మీద వేస్తే ఎవరికీ కోపం రాదు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు అయితే సొంత కొడుకైనా సరే గుమ్మం బయటే.

ఆపరేషన్ అయింది అమ్మకైతే

ఇది విడిగా చెప్పాలి. నాన్నకైతే ఇల్లంతా చుట్టూ తిరుగుతుంది. అమ్మకైతే పదో రోజుకి ఆవిడే "నాకేం, బాగానే ఉన్నా" అంటూ స్టవ్ దగ్గర నిలబడుతుంది, ఇంట్లోవాళ్లు కూడా "కాఫీ ఒక్కటే కదా" అని ఊరుకుంటారు. కాఫీతో మొదలై కుక్కరు దించడం, పిండి కలపడం, గ్రైండర్ రాయి ఎత్తడం, బట్టలు పిండడం, గది తుడవడం దాకా వెళుతుంది. బట్టలు పిండే మెలికా, చపాతీ పిండి అదుముడూ ఎముక అతుకుకి బరువు ఎత్తడమంత చెడ్డవి. రెండు నెలలు వంటకి మనిషిని పెట్టండి, కుదరకపోతే మగవాళ్లు వండండి, అంతేగానీ ఆవిడ ఒప్పుకుంది కదా అని సరిపెట్టుకోవద్దు. ఇంకొకటి, రొమ్ముల బరువుకి కుట్లు కిందికి లాగినట్టై నొప్పి పుడుతుంది, తీగల్లేని మెత్తటి కాటన్ లోదుస్తు, ముందు హుక్కులున్నది, రాత్రీ పగలూ వేసుకుంటే చాలా తేడా ఉంటుంది. దీన్ని చాలాచోట్ల ఎవరూ చెప్పరు, ఆడవాళ్లు అడగరు.

బండి, ఉద్యోగం, గుడి

కారు నడపడం నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత, డాక్టర్ చూసి సరేనన్నాక. కారులో వెళ్లాల్సొస్తే వెనక సీట్లో కూర్చుని సీటు బెల్టుకీ ఛాతీకీ మధ్య ఆ చిన్న దిండు పెట్టుకోవాలి, కుట్లు నొప్పి అని బెల్టు మానకూడదు. స్కూటరు, మోటారుసైకిలు మాత్రం మూడు నెలలు ఆగండి, నడపడం సంగతి అటుంచి, దాన్ని స్టాండు వేయడం, పక్కకి ఒరిగినప్పుడు ఆపడం, గుంటలో పడ్డ కుదుపు, అన్నీ ఛాతీ మీదే. వెనక కూర్చున్నా గుంటలు అవే.

కుర్చీలో కూర్చుని చేసే పనికి ఆరు నుంచి ఎనిమిది వారాలకి వెళ్లొచ్చు, కుదిరితే మొదటి రెండు వారాలు సగం పూట. ఒళ్లు వంచి చేసే పనికి మూడు నెలలు తప్పదు. రైతు అయితే ఇక్కడే గొడవ: యూరియా బస్తా 45 కిలోలు, వడ్ల బస్తా 75 కిలోలు, మందు కొట్టే డబ్బా నింపితే 16 లీటర్లు వీపు మీద. నాట్ల కాలమైనా కోతలైనా గట్టు మీద నిలబడి చూసుకోవడం వరకే, చేయి పెట్టకూడదు. మూడు నెలలయ్యాక కూడా బస్తాలు మోయొచ్చా, చెట్లెక్కొచ్చా అన్నది ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చూసి డాక్టరే తేల్చాలి.

భార్యాభర్తల కలయిక గురించి ఎవరూ నోరు తెరిచి అడగరు, కాబట్టి నేనే రాస్తున్నా. రెండు అంతస్తుల మెట్లు చకచకా ఎక్కి ఆయాసం, నొప్పి రాకపోతే గుండె దానికి సిద్ధంగా ఉన్నట్టే, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకి. చేతుల మీద, ఛాతీ మీద బరువు పడకుండా చూసుకోవాలి. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి మందు వాడేవాళ్లు వయాగ్రా జాతి మాత్రలు ముట్టుకోకూడదు, బీపీ ప్రాణాపాయం తెచ్చేంతగా పడిపోతుంది.

మొక్కులు ఉంటాయి. తిరుమల వెళ్లండి, కానీ కొండ మీదికి బస్సులోనే. అలిపిరి దారిలో 3,550 మెట్లు, టీటీడీ కూడా గుండె జబ్బున్నవాళ్లని నడిచి రావద్దనే చెబుతోంది. క్యూలో గంటల తరబడి నిలబడడం, మాత్రల వేళ తప్పడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ ఏడాది అయ్యప్ప మాల వేస్తానంటే ఒప్పుకోవద్దు: తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం, చివర్లో కొండ ఎక్కడం, ఏ ఒక్కటీ ఈ ఒంటికి సరిపడదు. ఉపవాసాలు, రంజాన్ రోజాలు కూడా డాక్టర్ని అడిగాకే, షుగర్ మందులున్నవాళ్లు మరీను.

బైపాస్ కాకుండా గుండె వాల్వు మార్చిన వాళ్లకి కూడా ఎముక జాగ్రత్తలన్నీ ఇవే, అదనంగా మెటల్ వాల్వు అయితే రక్తం పలచబడే మందు జీవితాంతం, రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష డాక్టర్ చెప్పిన వ్యవధిలో తప్పకుండా. పాలకూర, తోటకూర, మునగాకు మానక్కర్లేదు, వారానికి ఎంత తింటున్నారో ప్రతి వారం అంతే తినాలి, ఒక వారం అసలు లేకుండా మరో వారం రోజూ తింటే మందు లెక్క తప్పుతుంది. ఏ వాల్వు మార్చినా పంటి వైద్యం చేయించుకునే ముందు వాల్వు సంగతి చెప్పి యాంటీబయాటిక్ అడగాలి. చిన్నప్పటి కీళ్లజ్వరం వల్ల వాల్వు పాడైనవాళ్లకి పెన్సిలిన్ సూదులు రాసి ఉంటే ఆపరేషన్ అయింది కదా అని ఆపకూడదు.

మూడు నెలల తర్వాత

ఇక్కడినుంచి అసలు పరీక్ష. బైపాస్ మూసుకుపోయిన నాళాన్ని బాగు చేయలేదు, దాన్ని అలాగే వదిలేసి పక్కనుంచి కొత్త దారి వేసింది. నాళాల్లో కొవ్వు పేర్చిన జబ్బు ఒంట్లో అలాగే ఉంది. ఛాతీ గోడ నుంచి తీసిన ధమని పదేళ్లకి కూడా దాదాపు తొంభై శాతం మందిలో తెరిచే ఉంటుంది, కాలి సిరలు మాత్రం పదేళ్లలో సగం వరకు మూసుకుపోతాయి. ఆ సగంలో మనది ఉండకూడదంటే చేతిలో ఉన్నవి స్టాటిన్, ఆస్పిరిన్, బీపీ, షుగర్, నడక, సిగరెట్టు. సిగరెట్టు అంటే బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా కూడా. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఎలాగూ మానేశారు, మళ్లీ మొదలయ్యేది సరిగ్గా మూడో నెలలోనే, పాత స్నేహితులు టీ కొట్టు దగ్గర కలిసినప్పుడు. ఆ సాయంత్రాల్లో నడకకి మీరూ వెంట వెళ్లండి.

చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 70 కంటే కింద ఉండాలి, ఇప్పుడు చాలామంది డాక్టర్లు 55 కంటే కిందికి తెమ్మంటున్నారు. ల్యాబు కాగితం మీద 100 లోపు ఉంటే "నార్మల్" అని అచ్చు వేసి ఉంటుంది, అది మామూలు మనుషుల లెక్క, బైపాస్ అయినవాళ్ల లెక్క కాదు. రిపోర్టు నార్మల్ వచ్చింది కదా అని మాత్ర ఆపడం కూడా కుదరదు, నార్మల్ వచ్చింది ఆ మాత్ర వల్లే. బీపీ 130/80 లోపు, షుగర్ ఉంటే మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష. ఏటా ఫ్లూ టీకా ఒకటి, అడిగితే వేస్తారు.

పిల్లలూ తమ్ముళ్లూ చెల్లెళ్లూ తమ సంగతి చూసుకోవాలి. చిన్న వయసులోనే, అంటే మగవాళ్లకి 55 లోపు, ఆడవాళ్లకి 65 లోపు గుండె జబ్బు వచ్చిన ఇంట్లో మిగతావాళ్లకి ముప్పు ఎక్కువ. నాన్నని చెకప్‌కి తీసుకెళ్లే రోజు మీరు కూడా పరగడుపున వెళ్లండి, అదే ల్యాబులో లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), షుగర్ పరీక్షలకి రక్తం ఇచ్చేయండి, బీపీ చూపించుకోండి. ఆయన రిపోర్టులున్న ఫైలులోనే మీవి కూడా పెట్టండి, వచ్చే ఏడాది పోల్చి చూడడానికి కావాలి.